శృంగవరపుకోట మీదుగా ఎక్కి, పాడేరు మీదుగా దిగి

సైకిల్ మీద అరకు వెళ్లొచ్చామంటే విశాఖలో ఎవరైనా ముందుగా అడిగేది అనంతగిరి ఘాట్ గురించే. అంత కొండ ఎలా ఎక్కారు, మధ్యలో దిగి తోశారా అని. నిజానికి మా దారిలో అది అంత కష్టమైన ముక్కేమీ కాదు. మమ్మల్ని పిండేసింది అరకు దాటాక పాడేరు దాకా ఉన్న రోడ్డు. దాని గురించి ఎవరూ అడగరు.

నేను, మా బావ వేసుకున్న చుట్టు ఇది: విశాఖ నుంచి పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా అరకు. అక్కడి నుంచి డుంబ్రిగుడ, హుకుంపేట మీదుగా పాడేరు. పాడేరు ఘాట్ దిగి వడ్డాది, చోడవరం, సబ్బవరం మీదుగా మళ్లీ పెందుర్తి. మొత్తం 250 కిలోమీటర్ల పైచిలుకు. పోటీలకు తిరిగేవాళ్లు దీన్ని ఎంత వేగంగా ముగిస్తారో గానీ, మేం మాత్రం టీ కొట్లు చూసుకుంటూ, రాత్రిళ్లు లాడ్జిల్లో దిగుతూ వెళ్లాం. నవంబరు చివర, వారం మధ్యలో బయల్దేరాం. కార్తీక మాసం, శీతాకాలం వారాంతాల్లో ఆ ఘాట్ మీద కార్ల వరస చూసినవాళ్లెవరూ శనివారం సైకిల్ ఎక్కరు.

శృంగవరపుకోట దాకా చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తెల్లవారకముందే పెందుర్తి దాటేస్తే లారీల బెడద తగ్గుతుంది, అంతే. ఎస్.కోటలో కడుపు నిండా తినాలి, సీసాలు రెండూ నింపుకోవాలి. బొడ్డవర దాటాక కొండలు రోడ్డు దగ్గరికి వచ్చేస్తాయి. కాశీపట్నం వచ్చేసరికి మాటలు వాటంతటవే తగ్గిపోతాయి.

ఘాట్ ఎందుకు కష్టం కాదంటే, అది బస్సులు ఎక్కడానికి వేసిన రోడ్డు. లోడుతో ఉన్న ఆర్టీసీ బస్సు రెండో గేరులో ఎక్కగలిగే వాలు అయితే, చిన్న గేరు ఉన్న సైకిల్ కూడా ఎక్కగలదు. నా సైకిల్‌కు ముందు చిన్న పళ్లచక్రం 34 పళ్లది, వెనక పెద్దది కూడా 34 పళ్లదే. అంటే పెడల్ ఒక చుట్టు తిప్పితే చక్రం కూడా ఒక్క చుట్టే తిరుగుతుంది, సైకిల్ రెండు మీటర్ల చిల్లర ముందుకు కదులుతుంది. నిమిషానికి అరవై నాలుగైదుసార్లు తిప్పితే గంటకు ఎనిమిది కిలోమీటర్లు. నడకకు రెట్టింపు లేదు, కానీ ఊపిరి మన చేతిలో ఉంటుంది. ఘాట్ ఎక్కడంలో కిటుకంతా ఇదే: మొదటి మలుపులో ఎంత వేగంతో ఉన్నామో చివరి మలుపులోనూ అంతే వేగంతో ఉండగలగాలి. బావకు ఇది చెప్పినా ఎక్కదు. పక్కనుంచి బైకు కుర్రాళ్లు కేకేస్తే చాలు, లేచి నిలబడి తొక్కేస్తాడు. తర్వాతి మలుపులో కల్వర్టు గోడ మీద కూర్చుని కనిపిస్తాడు.

ఈ రోడ్డుకు తోడుగా కొండ మీద ఇంకో దారి ఉంది, కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తెచ్చి జపాన్‌కు పంపడం కోసం 1960ల్లో వేసిన లైను అది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగూడ అంటూ స్టేషన్ల పేర్లు వరసగా చదివితేనే ఎక్కుడు తెలిసిపోతుంది. శిమిలిగూడ ఎత్తు 996 మీటర్లు, బ్రాడ్‌గేజ్ మీద దేశంలోనే అతి ఎత్తయిన స్టేషన్‌గా చాలాకాలం దానికి పేరు. ఘాట్ మీద ఆయాసపడుతున్నప్పుడు లోయ అవతల ఖనిజం బండి కూత వినిపిస్తే, ఎందుకో కాస్త ధైర్యంగా ఉంటుంది. ఇంజన్లు కూడా కష్టపడుతున్నాయి మరి.

అనంతగిరి దగ్గరికి వచ్చేసరికి గాలి మారిపోతుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరేడు డిగ్రీలు తగ్గుతుందని పుస్తకాల్లో ఉంటుంది కదా, అది చెమటతో తడిసిన చొక్కా మీద ఇంకా బాగా తెలుస్తుంది. రోడ్డుకు రెండు పక్కలా కాఫీ తోటలు, వాటికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు, ఆ చెట్లను చుట్టుకుని మిరియాల తీగలు. మేం వెళ్లిన రోజుల్లో పండ్ల కోత నడుస్తోంది. ఎర్రగా పండినవే ఏరి సంచుల్లో వేస్తున్నారు. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని పేరు చెప్పి నగరాల్లో అమ్మే కప్పు ధరకు, ఇక్కడ రోడ్డు పక్కన తాగిన కప్పు ధరకు పోలికే లేదు. రుచి మాటకొస్తే నాకు రోడ్డు పక్కదే నచ్చింది, అయితే ఘాట్ ఎక్కి వచ్చినవాడి నాలుకను నమ్మకూడదు.

గాలికొండ వ్యూపాయింట్ దాటాక సుంకరమెట్ట మీదుగా అరకు దాకా దిగుడు పాలే ఎక్కువ. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి, కష్టపడి ఎక్కినదాంట్లో కొంత ఇక్కడే తిరిగి ఇచ్చేయాలి. మర్నాడు శుక్రవారం, అరకు సంత. మూటలు నెత్తిన పెట్టుకుని కొండ దారుల్లో దిగి వస్తున్నారు. అల్లం, పసుపు, చోళ్లు, సామలు, రాజ్మా గింజలు, ఎండు చేపలు, అల్యూమినియం గిన్నెలు. మేం సైకిళ్లు నడిపించుకుంటూ వెళ్తుంటే, కుంకుడుకాయలు అమ్ముతున్న ఒక పెద్దామె ఆపింది.

"ఏటి బాబూ, విశాపట్నం నుంచి దీని మీదే వచ్చీసినారా? బస్సులు తిరగట్లేదేటి?"

"తిరుగుతున్నాయమ్మా, సరదాకి వచ్చాం."

ఆమె మా ఇద్దరినీ, సైకిళ్లనూ మార్చి మార్చి చూసి, పక్కామెతో ఒడియాలో ఏదో అంది. ఇద్దరూ నవ్వారు. చోడంబలి, అదే రాగి అంబలి, ఎక్కడ అమ్ముతారో మాత్రం చూపించింది. చెరో రెండు గ్లాసులు తాగాం. సైకిల్ దుకాణాల్లో అమ్మే శక్తి జెల్‌లు దాని ముందు దండగ అనిపించింది. కడుపులో చల్లగా ఉంటుంది, గంటల తరబడి ఆకలి వేయదు.

ఇక అసలు దారి. అరకు నుంచి పాడేరుకు 45 కిలోమీటర్ల లోపే. రెండూ కొండ మీది ఊళ్లే కాబట్టి పొద్దెక్కాక తీరిగ్గా బయల్దేరొచ్చు అనిపిస్తుంది. కానీ ఈ పీఠభూమి నిండా గెడ్డలు, అంటే కొండవాగులు. రోడ్డు వాటి వెంట పోదు, వాటిని అడ్డంగా దాటుకుంటూ పోతుంది. అంటే ప్రతి గెడ్డకూ కల్వర్టు దాకా దిగాలి, అవతలి గట్టు ఎక్కాలి, కాస్త పొలాల పక్కన పోవాలి, మళ్లీ దిగాలి. ఒక్కొక్క ఎక్కుడు అరకిలోమీటరు కూడా ఉండదు. ఘాట్ మీద దొరికే తాళం ఇక్కడ దొరకదు. గేరు కుదిరేలోపే ఎక్కుడు అయిపోతుంది, ఊపిరి కుదిరేలోపే ఇంకోటి వస్తుంది. దిగుడులో వచ్చిన వేగంతో ఎదురు గట్టు ఎక్కేద్దామంటే, సరిగ్గా కల్వర్టు మీదే ఒక గొర్రెల మందో, గోతులో అడ్డం. పైగా అది జాతీయ రహదారి 516ఈ. రోడ్డు పని జరుగుతున్న చోటల్లా కంకర, దుమ్ము. హుకుంపేట వచ్చేసరికి బావ మాట్లాడటం మానేశాడు. ఆయన విషయంలో అది పెద్ద సంగతే.

కష్టం సంగతి పక్కన పెడితే, మొత్తం చుట్టులో అందమైనది కూడా ఇదే ముక్క. వలిసె పూలు విచ్చుకుని చేలన్నీ పసుపు పచ్చగా ఉన్నాయి. అరకు దగ్గర చేలల్లో ఫొటో దిగాలంటే రైతుకు పదో ఇరవయ్యో ఇవ్వాలి, ఇవ్వడమే న్యాయం, తొక్కి పాడయ్యే పంట వాళ్లది. డుంబ్రిగుడ దాటాక అడిగేవాళ్లూ ఉండరు, దిగేవాళ్లూ ఉండరు. బడి నుంచి వస్తున్న పిల్లలు సైకిళ్ల వెంట పరిగెత్తారు. ఎక్కుడులో వాళ్లే ముందుకు పోయారు.

పాడేరు 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రం అయ్యింది. లాడ్జి దొరుకుతుంది, వేడి నీళ్లు బకెట్ లెక్కన తెచ్చిస్తారు. పొద్దున్నే మోదకొండమ్మ గుడి ముందు నిలబడి దండం పెట్టుకుని, చొక్కా లోపల ఛాతీకి దినపత్రిక మడిచి పెట్టుకున్నాం. పాత చిట్కా అది, దిగుడులో చలిగాలిని భలే ఆపుతుంది. మినుములూరు దగ్గర మంచు ఎంత దట్టంగా ఉందంటే బావ వెనక దీపం తప్ప బావ కనిపించలేదు.

నాకు టెన్షన్ అంతా ఈ ఘాట్ గురించే. ఎక్కేటప్పుడు అలసట తప్ప ప్రమాదం తక్కువ, దిగేటప్పుడు లెక్క తిరగబడుతుంది. నా సైకిల్‌వి చక్రం రిమ్మును పట్టుకునే పాత రకం బ్రేకులు. వాటిని కిందిదాకా నొక్కి పట్టుకుంటే రిమ్ము వేడెక్కి ట్యూబు పేలే ప్రమాదం ఉంది. అందుకే మలుపుకు ముందే రెండు బ్రేకులూ గట్టిగా వేసి వేగం తగ్గించి, మలుపులో వదిలేయాలి. మధ్యమధ్యలో ఆగి రిమ్ము మీద వేలు పెట్టి చూసుకున్నాం. ఎదురుగా ఎక్కుతున్న బస్సుకే దారి ఇవ్వాలి. గుడ్డి మలుపుల దగ్గర డ్రైవర్లు తప్పకుండా హారన్ కొడతారు, మన సైకిల్ గంట మాత్రం ఎవరికీ వినిపించదు, కాబట్టి ఎడమ అంచు వదలకూడదు. గరికబంద చేరేసరికి కాళ్లు హాయిగా ఉన్నాయి, వేళ్లు మాత్రం ముడుచుకుపోయి సీసా మూత కూడా తిరగలేదు.

కింద ఎండ, చెరకు తోటలు. మాడుగుల ఈ రోడ్డుకు కాస్త పక్కన ఉంటుంది, అయినా వెళ్లాల్సిందే. గోధుమ పాలు తీసి, నెయ్యి పోసి గంటల కొద్దీ కలిపి చేసే మాడుగుల హల్వా పాకెట్లు చెరొకటి కొన్నాం. ఇంటికని కొన్నవి వడ్డాది దాటకముందే అయిపోయాయి.

చోడవరం నుంచి పెందుర్తి దాకా ఎదురుగాలి, చెరకు ట్రాక్టర్లు. ఆ దారంతా బావ ఒకటే వాదన: ఈసారి ఇదే చుట్టు తిరగేసి, పాడేరు వైపు నుంచి ఎక్కి అనంతగిరి వైపు దిగుదామని. అప్పుడు గెడ్డల దారి రెండోరోజు కాకుండా పోతుందా అని అడిగాను. పోదు గానీ, అరకులో కాఫీ తాగి నేరుగా ఇంటికి దిగిపోవచ్చట. పాడేరు ఘాట్ మలుపులు ఎక్కడానికే బాగుంటాయి, దిగడానికి కాదు అన్న మాట వరకు నేను ఒప్పుకున్నాను. మిగతాది ఫిబ్రవరిలో తేల్చుకుందాం అన్నాను.