దొమ్మ రోగం, రెండు సూదుల టీకా

అనంతపురం జిల్లాలో గొర్లు మేపేవాళ్లకు దొమ్మ రోగం (ఆంత్రాక్స్) గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. రాత్రి బాగానే దొడ్డికి చేరిన గొర్రె తెల్లారేసరికి కడుపుబ్బి చచ్చిపడి ఉంటుంది. ముక్కులోంచి, వెనక నుంచి నల్లటి నెత్తురు కారుతుంది, అది గడ్డకట్టదు. ఇదే రోగం మీద ఆస్ట్రేలియాలో పనిచేసిన ఫ్రెంచివాడు ఆడ్రియన్ లువార్. ఇంగ్లీషు రాతల్లో పాశ్చర్‌కు 'నెఫ్యూ' అని ఉంటుంది. అంటే మేనల్లుడు కాదు, పాశ్చర్ భార్య తోబుట్టువు కొడుకు. మన వరసలో కొడుకే.

లువార్ 1888లో సిడ్నీకి వెళ్లింది కుందేళ్ల కోసం. పంటనూ బీడునూ తినేస్తున్న కుందేళ్లను వదిలించే ఉపాయానికి న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం 25,000 పౌండ్లు ప్రకటించింది. కోళ్ల కలరా క్రిమిని మేతలో కలపాలన్నది పాశ్చర్ ఆలోచన. సిడ్నీ రేవులోని రాడ్ దీవిలో పరీక్షిస్తే, మేత తిన్న కుందేలు చచ్చింది, పక్కదానికి మాత్రం సరిగా అంటలేదు. దీన్ని తేల్చడానికి వేసిన ప్రభుత్వ కమిషన్ వద్దంది.

నిలిచిన పని అదే ఏడాది న్యూ సౌత్ వేల్స్‌లోని జూనీ ఊళ్లో గొర్రెల మీద చేసి చూపిన దొమ్మ టీకా. తర్వాత రాడ్ దీవిలోనే తయారీ పెట్టారు. క్రిమిని 42–43 డిగ్రీల వేడిలో పెంచితే విత్తు (స్పోరు, అంటే క్రిమి చావకుండా దాక్కునే గట్టి రూపం) కట్టదు, రోజులు గడిచేకొద్దీ విషం తగ్గుతుంది. ఎక్కువ రోజులుంచినది మొదటి సూది, తక్కువ రోజులుంచినది రెండోది. మధ్యలో పన్నెండు రోజులు, అటూ ఇటూగా. చిక్కంతా ఇక్కడే: వేల గొర్రెల్ని రెండుసార్లు దొడ్డికి తోలాలి, మందు త్వరగా చెడిపోతుంది. స్థానికంగా ఒక్క సూది టీకా రాగానే గొర్రెల ఆసాములు అటే మొగ్గారు. తప్పు పట్టలేం. లువార్ 1893లో ఉత్తర ఆఫ్రికాలోని ట్యూనిస్ చేరాడు.

ఇప్పుడు మనకు దొరికేది 1930లలో దక్షిణాఫ్రికాలో స్టెర్న్ కనిపెట్టిన రకం, విత్తులతో చేసింది. ఏడాదికి ఒక్క సూది, చర్మం కింద. రోగం కనబడ్డ ఊళ్లలో వానలకు ముందే వేయించాలి. లోపలున్నది బతికున్న క్రిమి కాబట్టి, ఆ రోజుల్లో పెన్సిలిన్ లాంటి మందులు పొడిస్తే టీకా పట్టదు. కాపరులు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

చచ్చినదాన్ని కోయొద్దు, తోలు ఒలవొద్దు. గాలి తగిలితేనే క్రిమి విత్తు కడుతుంది, ఆ విత్తు మట్టిలో దశాబ్దాలు ఉంటుంది. కోయకపోతే కుళ్లుతో పాటు లోపలి క్రిమి చాలావరకు చస్తుంది. పరీక్షకు చెవి నరం నుంచి ఒక నెత్తురు చుక్క చాలు, అదీ పశువుల డాక్టరే తీయాలి. కళేబరాన్ని ఈడ్చకుండా, పడిన చోటికి దగ్గర్లోనే ఆరడుగుల గుంత తీసి పూడ్చాలి.