జేబులో పట్టే కెమెరా

ఈ రోజు పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీదికి రికో జీఆర్ త్రీ అనే చిన్న కెమెరా ఒక్కటే పట్టుకెళ్లాను. బ్యాటరీ, కార్డుతో కలిపి 257 గ్రాములే. భుజం లాగేసే లెన్సుల బ్యాగు ఇంట్లోనే ఉంది. దీనికి జూమ్ లేదు, ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ కెమెరా) లెక్కలో 28 ఎంఎం, అంటే వెడల్పుగా చూపించే లెన్సు. దగ్గరగా కావాలంటే మనమే నడవాలి.

అలా నడుస్తూ కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర పూలు కట్టే పెద్దావిడ దాకా వెళ్లాను. పెద్ద లెన్సు చూస్తే ఎప్పుడూ కొంగు సర్దుకుని బిగుసుకుపోయేది. ఈసారి "ఇంత చిన్నదా బాబూ!" అని నవ్వి, మళ్లీ దారం ముడి వేయడంలో పడిపోయింది. వేళ్ల మధ్య తడి మల్లెలు, గోళ్లకంటిన ఆకుపచ్చ మరక, అన్నీ ఫోటోలోకి వచ్చాయి.

పెళ్లిళ్లకైతే పెద్ద కెమెరా కావాల్సిందే, కాదనను. మా బెజవాడను చూసుకోవడానికి మాత్రం నాకు ఇదే ఇష్టం. రేపు ఆవిడకు ప్రింటు తీసుకెళ్లాలి.