బరువు పడిన గీత

తీగ చివర లోహపు తొడుగు సరిగ్గా కరుచుకుందో లేదో చూడటం నా ఉద్యోగం. మా పనిలో దాన్ని క్రింపు అంటాం. యంత్రం తక్కువ నొక్కితే తీగ జారిపోతుంది. ఎక్కువ నొక్కితే లోపలి సన్నటి రాగి పోగులు తెగిపోతాయి, పైకి మాత్రం అంతా బాగానే కనిపిస్తుంది. అందుకే షిఫ్టు మొదలవగానే యంత్రానికి కొన్ని ముక్కల చొప్పున తీసుకుని, ఎంత బలానికి ఊడివస్తాయో లాగి చూసి అంకె రాసుకుంటాం. అంకె సరిపోతేనే లైను నడుస్తుంది. అలా తయారైన తీగల కట్టలే కార్లలో దీపాల నుంచి బ్రేకుల దాకా పాకుతాయి.

ఫ్యాక్టరీ మెక్సికోలోని హువారెస్‌లో. నేనుండేది అమెరికాలోని ఎల్ పాసోలో. మధ్యలో నది, నది మీద వంతెనలు. హెచ్1బీ ఉద్యోగం ఇటువైపు ఆఫీసులోనే అయినా, వారంలో రెండు మూడు రోజులు అటు వెళ్లాల్సిందే. అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు కాబట్టి వెళ్లేటప్పుడు ఇట్టే వెళ్లిపోతాం. తిరిగొచ్చేటప్పుడే గంటల తరబడి వరస. ఊళ్లో మా పెదనాన్న ఇప్పటికీ "డల్లాస్ పక్కనేగా అమ్మా" అంటాడు. డల్లాస్ నుంచి కారులో తొమ్మిది గంటల ప్రయాణం పెదనాన్నా అని ఎన్నిసార్లు చెప్పానో.

మాది పెడన. మచిలీపట్నానికి పక్కనే. నాన్న కలంకారీ అద్దకం పని చేసేవాడు, తాత కూడా అదే. నేను ఇంజనీరింగ్ చదివి ఇంత దూరం వచ్చాక ఇంట్లో ఆ పని ఆగిపోయింది. తమ్ముడు విజయవాడలో ఉద్యోగం చూసుకున్నాడు. అచ్చులు అటక మీదకి చేరాయి. దాని గురించి నేను చాలా ఏళ్లు ఆలోచించలేదు. ఆలోచించేలా చేసింది ఎల్ పాసోలోనే పుట్టిన ఒక చిత్రకారుడు.

మా లైన్ సూపర్‌వైజర్ హువారెస్ ఆవిడ, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నన్ను "ఇంహెనియేరా" అంటుంది, అంటే ఇంజనీరమ్మ. వాళ్ల నాన్న బ్రాసెరో. 1942 నుంచి 1964 దాకా అమెరికా పొలాల్లో పని చెయ్యడానికి కాంట్రాక్టు మీద మెక్సికో నుంచి కూలీలను తెచ్చుకునే పథకం ఉండేది, అలా వచ్చినవాళ్లని బ్రాసెరోలు అనేవారు. చెయ్యి, భుజం అనే అర్థమున్న మాటలోంచి పుట్టిన పేరు. మనిషిలో కావలసిందేమిటో పేరులోనే చెప్పేశారు. పథకం ఆగిపోయాక సరిహద్దు ఊళ్లలో పని లేనివాళ్లు పేరుకుపోయారు, దానికి జవాబుగా 1965లో మెక్సికో ప్రభుత్వం సరిహద్దు వెంట ఎగుమతి ఫ్యాక్టరీలకు తలుపులు తెరిచింది. వాటినే మకిలాడోరాలు అంటారు. నాన్న నది దాటి పనికి పోయాడు, పని నది దాటి కూతురి దగ్గరికి వచ్చింది.

ఒక శనివారం ఆవిడ ఎల్ పాసోలో ఉన్న అక్కని చూడటానికి వచ్చి, నన్ను వెంటబెట్టుకుని శాన్ హసింటో ప్లాజాకి తీసుకెళ్లింది. చిన్నప్పుడు ఆ చౌకు మధ్య కొలనులో నిజం మొసళ్లు ఉండేవట, వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని చూపించేవాడట. 1960ల దాకా ఉన్నాయి. వాటి జ్ఞాపకంగా 1995లో ఫైబర్‌గ్లాస్ మొసళ్లు పెట్టారు. తోకలు ఎగరేసి, నోళ్లు తెరిచి, కారు పెయింటు మెరుపుతో ఒకదాని మీద ఒకటి ఎగబడుతున్నట్టుంటాయి. "ఇవి మన లూయిస్ చేసినవి" అంది. మన అన్న మాట దగ్గర ఆవిడ గొంతు మారింది.

లూయిస్ హిమెనెజ్, 1940లో ఎల్ పాసోలో పుట్టాడు. తండ్రి కాగితాలు లేకుండా మెక్సికో నుంచి వచ్చినవాడు, ఇక్కడ నియాన్ బోర్డుల దుకాణం పెట్టుకున్నాడు. పిల్లాడు ఆ దుకాణంలోనే వెల్డింగూ రంగులూ నేర్చుకున్నాడు. లోకానికి అతను శిల్పిగానే ఎక్కువ తెలుసు. డెన్వర్ విమానాశ్రయం దగ్గర 32 అడుగుల నీలి గుర్రం అతనిదే. న్యూమెక్సికోలోని హోండోలో 2006లో ఆ గుర్రం భాగమే మీద పడి చనిపోయాడు. బొమ్మని 2008లో నిలబెట్టారు.

నాకు మాత్రం అతని శిల్పాల కంటే, రాయి మీద గీసి కాగితం మీదికి దించిన అచ్చుబొమ్మలే గొప్పవి అనిపిస్తుంది. ఎందుకో చెప్పాలంటే నేను మొదటిసారి చూసిన రోజు దగ్గరికి వెళ్లాలి.

ఊళ్లో ఒక ప్రదర్శన. గోడ మీద నది దాటే కుటుంబం బొమ్మ. మగాడు నీళ్లలో నడుస్తున్నాడు. అతని భుజాల మీద ఆడమనిషి కూర్చుని ఉంది. ఆమె శాలువాలో పసిబిడ్డ. ముగ్గురూ కలిసి ఒక్క నిలువు స్తంభంలా ఉన్నారు. రియో బ్రావో దాటడం ఆ బొమ్మ పేరు. అమెరికాలో రియో గ్రాందే అనే నదిని అవతలి ఒడ్డున రియో బ్రావో అంటారు, ఉగ్రమైన నది అని. ఇదే ఊహని 1989లో శిల్పంగా కూడా చేసి తండ్రికి అంకితమిచ్చాడు. దగ్గరికి వెళ్లి చూశాను. మగాడి మెడ, పిక్కల దగ్గర గీతలు నల్లగా, దట్టంగా, కసిగా ఉన్నాయి. పైకి పోయేకొద్దీ, బిడ్డ దగ్గరికొచ్చేసరికి, సుద్ద ఆనీ ఆననట్టు తేలిపోయాయి. ఎవరి మీద ఎంత బరువుందో అంత బరువు చేతితో వేసి గీశాడు. పొద్దున్న క్రింపు లాగి అంకె రాసుకున్న చేతులు నావి. ఆ బొమ్మ ముందు నా చేతులకి అర్థమైంది ముందు, తలకి తర్వాత.

ఇంకో అచ్చు గురించి చెప్పకుండా ఉండలేను. 1997 మే 20న టెక్సస్‌లోని రెడ్‌ఫర్డ్ అనే చిన్న పల్లెలో, నది పక్కన మేకలు కాసుకుంటున్న ఎసెకియెల్ హెర్నాండెజ్ అనే 18 ఏళ్ల కుర్రాడిని ఒక మెరైన్ సైనికుడు కాల్చి చంపాడు. మాదకద్రవ్యాల నిఘాకని వచ్చి పొదల్లో దాక్కున్న దళం అది. ఆ కుర్రాడు అమెరికా పౌరుడే. రెండేళ్లకి హిమెనెజ్ అతన్ని మంచి కాపరిగా గీశాడు, చర్చిల్లో క్రీస్తుని గీసినట్టు. తల వెనక కాంతివలయం ఉంటుంది. కాసేపు చూస్తే అది తుపాకీ గురి గీతలని తెలుస్తుంది. ఆ రోజు నేను ఇంకే బొమ్మా చూడలేక బయటికి వచ్చేశాను. ఒకసారి వంతెన దగ్గర నా కాగితాల్లో ఏదో తేడా ఉందని రెండు గంటలు ఒక గదిలో కూర్చోబెట్టారు. ఏమీ జరగలేదు, క్షమించమని చెప్పి పంపించారు. అయినా ఆ రెండు గంటలూ నా కాళ్లలో ఉండిపోయాయి. ఇక్కడ పుట్టిన కుర్రాడి గతి అలా అయితే, అని ఆ సాయంత్రం అనిపించింది.

హిమెనెజ్ గీసిన కథలు పెద్ద మ్యూజియంల నుంచి వచ్చినవి కావు. చనిపోయిన ఇస్తాసివాత్ల్‌ని మోకాళ్ల మీద పెట్టుకున్న పొపొకతెపెత్ల్ కథ ఉంది. ఆ ప్రేమికులిద్దరూ పక్కపక్కనే అగ్నిపర్వతాలై పోయారని మెక్సికోలో పిల్లలకి కూడా తెలుసు. ఆ బొమ్మ రొట్టెల కొట్ల క్యాలెండర్ల మీద ఉంటుంది, మన కిరాణా కొట్టు క్యాలెండర్ మీద లక్ష్మీదేవి ఉన్నట్టు. హిమెనెజ్ దాన్ని తీసుకుని 1983లో అచ్చు వేశాడు. 1984లో ఎముకల గూడుతో తను నాట్యం చేస్తున్నట్టు ఇంకోటి గీశాడు. అస్థిపంజరాల చేత ఆడించి పాడించిన మెక్సికన్ అచ్చుబొమ్మల వాడు పొసాదా 1913లోనే పోయాడు, అతని ఎముకలు ఇందులో నవ్వుతుంటాయి. వంటింటి గోడ మీది బొమ్మని తక్కువగా చూడకపోవడం నాకు అతనిలో అన్నిటికన్నా నచ్చిన గుణం. మా అమ్మమ్మ చిరిగిన కలంకారీ దుప్పటిని గిన్నెలు దించడానికి వాడేది. దాన్ని ఎవరూ కళ అనలేదు. కాదని కూడా అనలేదు, అసలు ఆ మాటే రాలేదు.

ఆ ప్రదర్శన తర్వాత బుధవారం సాయంత్రాలు రాతి అచ్చు నేర్పే చోట చేరాను. లిథోగ్రఫీ. 1790లలో జర్మనీలో సెనెఫెల్డర్ కనిపెట్టిన పద్ధతి. వాడేది సున్నపురాయి, మేలైనది బవేరియా నుంచి వచ్చేది. మొదటి రోజు దాని మీద చెయ్యి పెట్టగానే మన ఇళ్లలో పరిచే నాపరాయి గుర్తొచ్చింది. అదీ సున్నపురాయేగా. రాయిని గరుకు పొడీ నీళ్లూ వేసి ఇనుప దిమ్మెతో గుండ్రంగా తిప్పుతూ నూరాలి, గంటల కొద్దీ. తర్వాత జిడ్డు కలిసిన నల్ల సుద్దతో గీయాలి. గీశాక తుమ్మ జాతి చెట్ల బంకలో కాస్త నత్రికామ్లం కలిపి పూస్తారు. అప్పుడు రాయి తడిపి సిరా రోలరు నడిపితే, గీత ఉన్నచోట జిడ్డు సిరాని పట్టుకుంటుంది, ఖాళీ చోట నీళ్లు సిరాని తోసేస్తాయి.

నాకు ఇది చాలాసేపు మింగుడు పడలేదు. మా ఇంట్లో అచ్చు అంటే టేకు చెక్క. కావలసిన గీత పైకి లేచి ఉండాలి, అక్కర్లేనిది లోతుకి పోవాలి. ఎత్తూ పల్లం లేకుండా అచ్చెలా పడుతుంది? రాయి మీద వేలితో ఎంత తడిమినా గీతకీ ఖాళీకీ మధ్య గట్టు తగల్లేదు. అంతా ఒకే సమతలం. వేరు చేస్తున్నది పైన నిలిచిన నీళ్లే. ఆ రాత్రి ఇంటికి వస్తుంటే వంతెన మీది దీపాలు కనబడ్డాయి. 1864లో వరదకి ఈ నది దక్షిణానికి జరిగిపోయి, మెక్సికో నేల కొంత ఇటు ఒడ్డున తేలింది. చమిసాల్ అనే ఆ నేల మీద తగువు 1963లో ఒప్పందం అయ్యేదాకా నడిచింది. తర్వాత నదిని కాంక్రీటు కాలువలో పెట్టి కదలకుండా చేశారు. ఇళ్లు ఖాళీ చేసినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఇప్పుడు ఏడాదిలో చాలా నెలలు ఆ కాలువలో నీళ్లే కనపడవు.

మొదట రాయి మీద మా ఊరి పేరు రాశాను. అచ్చులో తిరగబడుతుంది కాబట్టి కుడి నుంచి ఎడమకి, అద్దంలో కనిపించినట్టు. పె, డ, న మూడు అక్షరాలకి అరగంట పట్టింది. ఫోటో తీసి నాన్నకి పంపాను. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర, అక్కడ పొద్దున్న తొమ్మిది. వెంటనే ఫోన్ చేశాడు.

"పెడన అని రాశావేంటమ్మా?"

"తిరగేసి రాశాను కదా నాన్నా, అంత గబుక్కున ఎలా చదివావు?"

"నలభై ఏళ్లు తిరగేసే చదివానుగా" అన్నాడు. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టాడు. బట్టకి కరక్కాయ పట్టిస్తారా? గేదె పాలు కలుపుతారా, రంగు పాకకుండా? నల్లరంగు దేంతో? తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్లు కాదా? ఇది కాగితం నాన్నా, సిరా డబ్బాలో వస్తుంది అంటే కాసేపు ఊరుకున్నాడు. అచ్చు ఎన్నేళ్లు ఆగుతుంది అని అడిగాడు. కావలసినన్ని కాపీలు తీశాక రాయి నూరేసి ఆ బొమ్మ చెరిపేస్తారని, దాని మీదే ఇంకొకరు గీసుకుంటారని చెప్పాను. "అదేంటి! చెరిపేస్తారా?" అన్నాడు. మా అటక మీద తాత నాటి అచ్చులున్నాయి.

ఆ ఫోన్ల తర్వాతే అచ్చులు అటక దిగాయి. నాన్న వాటిని తుడిచి నూనె రాసి ఒక్కోదాని ఫోటో పంపేవాడు. ఒక మామిడిపిందె అచ్చు అంచున తాత బొటనవేలు ఆనే చోట చెక్క గుంటపడి ఉంది.

ఆరు నెలలకి ఒక బొమ్మ పూర్తిచేశాను. కాలువలో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి బట్ట జాడిస్తున్న మనిషి. నాన్నే. తడిసిన బట్ట బరువు నడుము మీద ఎక్కడ పడుతుందో నాకు తెలుసు, చిన్నప్పటి నుంచి చూశాను. అక్కడ సుద్ద విరిగేంత నొక్కాను. పన్నెండు కాపీలు తీశాం. కాపీ కింద పెన్సిలుతో 1/12, 2/12 అని రాసి, రాయి అప్పగించేశాను.

ఒకటి సూపర్‌వైజర్‌కి ఇచ్చాను. ఆవిడ బ్రేకులో టేబుల్ మీద పరిచి చాలాసేపు చూసింది. "ఇతను నది దాటుతున్నాడా?" అని అడిగింది. లేదు, బట్ట ఉతుకుతున్నాడు, మా నాన్న అన్నాను. ఆ నడుము దగ్గర వేలు పెట్టి, "మా నాన్నకి కూడా ఇక్కడే నొప్పి ఉండేది" అంది. పొట్టి పిడి పారతో రోజంతా వంగి పనిచేయించేవారట. కాగితం చుట్టి సంచిలో నిలువుగా పెట్టుకుని వంతెన దిగి వెళ్లిపోయింది.

ఇంకొకటి పెడనకి పంపాను. చేరడానికి మూడు వారాలు పట్టింది. నాన్న దాన్ని వీధి అరుగు మీదికి తీసుకెళ్లి ఎండలో చూశాడని అమ్మ చెప్పింది. తనని గీశానన్న సంగతి మీద ఏమీ మాట్లాడలేదు.

"ఎడమ పక్క కింది మూల ఒత్తిడి చాల్లేదమ్మా. నీళ్లు అక్కడ తేలిపోయాయి. ఇంకోటి వేసి పంపు."

బుధవారం వెళ్లి నా దగ్గరున్న కాపీ వెలుతురులో పెట్టి చూశాను. నిజమే, మూల తేలిపోయింది. రాయి బల్ల మీదే ఉంది. దాని మీద అప్పటికే ఎవరో గుర్రం సగం గీశారు.