నేవీ మాస్టారి ఇల్లు

మన బడిలో చదివినవారికి, నౌకాదళం నుంచి వచ్చి మనకు డ్రిల్లు నేర్పిన నేవీ మాస్టారు అనగానే ముందుగా గుర్తుకు వచ్చేవి ఆయన ఈల, ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కా, ఆగస్టు పదిహేనున ఆయన నడిపించిన కవాతు. వాటి గురించి నాకంటే బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలో మా నేతగాళ్ల వీధిలో ఆయన ఇల్లు మా ఇంటికి సరిగ్గా ఎదురుగా ఉండేది. బడిలో ఆయన శిష్యుడిగా, వీధిలో ఆయన పిల్లలతో కలిసి పెరిగినవాడిగా, ఒక ఇంటి పెద్దగా ఆయన ఎలా బతికారో నేను చాలా దగ్గరగా చూశాను. ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద భాగం అదేనని నా నమ్మకం కనుక దాని గురించే రాస్తున్నాను.

ఆయనది పట్టు మగ్గం మీద బతికిన కుటుంబం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై గంజాం అందులో చేరిన తరువాత కూడా మన వీధుల్లో ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా అన్న తీరు మారలేదు. ఆయన రెండూ ఒకే ధారగా మాట్లాడేవారు. నలుగురు అన్నదమ్ములకు రెండు మగ్గాలు చాలని కాలంలో, మీసాలు రాకముందే విశాఖపట్నం వెళ్లి నౌకాదళంలో బాలశిక్షణకు చేరారు. చిల్కా సరస్సు ఒడ్డున ఇప్పుడున్న నౌకాదళ శిక్షణ కేంద్రం ఐఎన్ఎస్ చిల్కా 1980లో గానీ మొదలు కాలేదు, అందుకే విశాఖ వెళ్లవలసి వచ్చింది. శిక్షణ ముగిశాక ఆయనను స్టోకరుగా, అంటే ఓడ అడుగున బాయిలర్ల దగ్గర పనిచేసేవాడిగా వేశారు.

1971లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధం నాటికి ఆయన విమానవాహక నౌక విక్రాంత్‌లో ఉన్నారు. ఆ నౌక నాలుగు బాయిలర్లలో ఒకటి పగుళ్లిచ్చి పనికిరాకుండా పోయింది. మిగిలినవాటి ఆవిరితోనే ఓడ నడవాలి, విమానాలను డెక్కు మీద నుంచి విసిరే క్యాటపల్టుకూ ఆ ఆవిరే అందాలి. ఓడ వేగం తగ్గితే డెక్కు మీద ఎదురుగాలి చాలదు, గాలి చాలకపోతే ఓడ మీది అలీజే రకం విమానాలు లేవడం కష్టం. ఇదంతా ఆయన మాకు తరగతి గది నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పారు. డిసెంబరు 4 ఉదయం అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీద దాడికి సీ హాక్ విమానాలు లేస్తున్నప్పుడు అడుగున ఉన్నవారికి తెలిసినదల్లా నెత్తి మీద దడేలుమన్న చప్పుడు, ఆవిరి ఒత్తిడి చూపే గేజీలో ముల్లు కిందికి జారడం, దాన్ని మళ్లీ పైకి తెచ్చేదాకా బర్నర్ల దగ్గర ఊపిరి సలపని పని. యుద్ధం చూశారా మాస్టారూ అని మేము అడిగితే, "నేను చూసింది గేజీనే నాయనా, ముల్లు పడిపోకుండా చూడడమే నా వంతు యుద్ధం" అని చెప్పేవారు. ఆ రోజుల్లో త్రివిధ దళాల సర్వసేనాధిపతి హోదాలో ఉన్న రాష్ట్రపతి వి.వి. గిరి మన బరంపురంలోనే పుట్టారన్న మాట కూడా తప్పకుండా చేర్చేవారు. అది చెప్పేటప్పుడు ఆయన ముఖంలో కనిపించిన సంతోషం ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టుంది.

ఆ నెలల్లో ఈ వీధిలో ఏం జరిగిందో ఆయన బడిలో ఎన్నడూ చెప్పలేదు. ఆయన భార్య, నేను పిన్నీ అని పిలిచే ఆవిడ, మా అమ్మకు చెబుతుండగా విన్నాను. విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో విశాఖ రేవు ముందర మునిగిపోయింది. విక్రాంత్ అప్పటికి అండమాన్ దీవుల వైపు వెళ్లిపోయింది. అది విశాఖ దగ్గరే ఉన్నట్టు శత్రువును నమ్మించే పని రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్ రకం యుద్ధనౌక చేసింది. శత్రువుకు తెలియకూడని సంగతి ఇంటివారికి మాత్రం ఎలా తెలుస్తుంది? నావికుడి ఉత్తరాలన్నీ ఫ్లీట్ మెయిల్ ఆఫీసు చిరునామాకే వెళ్తాయి, ఓడ ఎక్కడుందో ఆ చిరునామా చెప్పదు. విశాఖ రేవులో పెద్ద పేలుడు జరిగిందన్న కబురు బరంపురానికి చేరేసరికి పిన్ని నిండు గర్భిణి. మాస్టారి తండ్రికి ఉబ్బసం ముదిరి మంచం పట్టి ఉన్నారు. సముద్రం మీద ఉన్నవాడిని కలతపెట్టడమెందుకని పెద్దలందరూ అనుకొని, "ఇక్కడ అందరమూ క్షేమం" అని రాయించారు. తండ్రి పోయిన తరువాత కూడా ఆ మాటే రాయించారు. యుద్ధం ముగిసి సెలవు దొరికి ఆయన ఇంటికి వచ్చేసరికి తలకొరివి తమ్ముడు పెట్టాడు, పెద్దకర్మ అయిపోయింది, పెద్దకూతురికి నెల దాటింది. ఆయన ఎవరినీ ఒక్క మాట అనలేదట. తనకు వచ్చిన ఉత్తరాలన్నీ ముందు వేసుకొని, ఏ తేదీన ఎవరికి ఎలా ఉండిందో తల్లిని అడిగి తెలుసుకొని, ఒక్కొక్క దాని వెనక రాసుకొన్నారట.

పదిహేనేళ్ల సర్వీసు పూర్తికాగానే పింఛనుతో ఇంటికి వచ్చేశారు. ఇంకొన్నాళ్లు ఉంటే పై హోదా వచ్చేదని తోటివారు చెప్పినా వినలేదు. వ్యాయామ శిక్షణ పూర్తి చేసుకొని మన బడిలో డ్రిల్లు మాస్టారుగా చేరారు. పొద్దున్నే అరుగు మీద కూర్చొని ఇద్దరు కూతుళ్లకు తలదువ్వి జడలు వేసేవారు. మగవాళ్లు ఆ పని చేయడం ఆ రోజుల్లో మా వీధి ఎరగదు. సాయంత్రం పిన్నికి కండెలు చుట్టి పెట్టేవారు. ఒకనాడు పిన్ని మగ్గం గుంటలో కూర్చొని నేస్తుండగా పడుగు పోగు, అంటే నిలువు దారం, తెగింది. ఆవిడ బొటనవేలి గోటి మీద రెండు కొసలను అడ్డంగా నిలిపి, ఒకదాన్ని చుట్టి, మెలిక లోంచి దూర్చి, రెప్పపాటులో బిగించేశారు. మాస్టారు మమ్మల్ని పిలిచి, ఒక లావు తాడూ ఒక సన్న తాడూ తెచ్చి, అదే ముడిని మెల్లగా వేసి చూపించారు. లావు వేరైన తాళ్లను అతకడానికి ఓడల్లో వేసే షీట్ బెండ్ అనే ముడీ, మా ఇళ్లలో తెగిన పోగును అతికే ముడీ అల్లికలో ఒకటేనని అప్పుడు తెలిసింది. విశాఖలో దాన్ని మొదటిసారి నేర్పుతున్నప్పుడు, అమ్మ వేలి మీద పుట్టినప్పటి నుంచీ చూస్తున్నానని శిక్షకుడికి చెప్పారట. నాకు ఆ ముడి నేటికీ చేతిలోనే ఉంది.

గోపాలపూర్ సముద్ర తీరానికి విహారయాత్రకు తీసుకువెళ్లినప్పుడు ఆయన తలలు లెక్కపెట్టే తీరు మీకందరికీ గుర్తుండే ఉంటుంది. బస్సు దిగగానే ఒకసారి, నీళ్ల దగ్గర ఒకసారి, తినేటప్పుడు ఒకసారి, తిరిగి ఎక్కేటప్పుడు మరొకసారి లెక్కపెట్టేవారు. "లెక్క సరిపోయేదాకా బస్సు కదలదు" అనేవారు. మేము విసుక్కొనేవాళ్లం. ఎవరి కబురు ఎవరికీ అందని రోజులు గడిపి వచ్చిన మనిషి ఆ లెక్క వదులుకోలేడని ఇప్పుడు నాకు అర్థమవుతోంది.

మన బడి పిల్లలు కొందరు నౌకాదళానికి ఎంపికై చిల్కా వెళ్లినప్పుడు వారి ఇళ్లకు ఆయన స్వయంగా వెళ్లేవారు. భయపడే తల్లులకు భయం లేదని చెప్పేవారు కాదు. ఓడలో నాలుగు గంటల వాచీలు, అంటే డ్యూటీ వంతులు, ఎలా ఉంటాయో, సెలవు ఎప్పుడు దొరుకుతుందో, ఉత్తరం ఎన్నాళ్లకు చేరుతుందో ఉన్నదున్నట్టు చెప్పేవారు. "అమ్మా, ఇంట్లో ఎవరికి బాగోలేకపోయినా దాచవద్దు, రాసేయండి. వాడు రాలేకపోవచ్చు, కానీ తెలియాలి" అన్నది ప్రతి ఇంటిలోనూ ఆయన చివరి మాట. మగ్గం ఆపుకొని వెళ్లలేని తండ్రుల తరఫున చిల్కాలో శిక్షణ ముగింపున జరిగే పాసింగ్ అవుట్ పరేడ్‌కు ఆయనే వెళ్లి, ఆ పిల్లవాడి పక్కన నిలబడి ఫోటో తీయించి, తల్లికి తెచ్చి ఇచ్చేవారు. సొంత కొడుకు నౌకాదళం వద్దని, గంజాం కుర్రాళ్లు ఎందరో వెళ్లిన దారినే సూరత్ మరమగ్గాలకు వెళ్తానంటే, కష్టమనిపించినా అడ్డుపడలేదు. ఆదివారం ఫోను మాత్రం మానకూడదన్నారు. కొడుకు మానలేదు.

2013 అక్టోబరు 12న, దుర్గాష్టమి నాటి రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. అప్పటికి మాస్టారు అరవై దాటి చాలా ఏళ్లయింది. సాయంత్రానికే వీధిలో రేకుల ఇళ్లవారిని పక్కా ఇళ్లలోకి చేర్చి, ఏ ఇంట్లో ఎవరున్నారో కాగితం మీద రాసుకొని, మగ్గాల మీది పడుగులను విప్పించి అటకల మీదికి ఎక్కించారని మా అమ్మ చెప్పింది. తెల్లవారి గాలి తగ్గగానే ఆ కాగితం పట్టుకొని ఇంటింటికీ తిరిగి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి చూసుకొన్నారు. ఫోన్లు పనిచేయని ఆ రోజుల్లో, బయటి ఊళ్లలో ఉన్న మాలాంటి వారికి మొదట అందిన క్షేమ సమాచారం ఆ కాగితం నకలే. ఛత్రపూర్ వైపు వెళ్లే ఎవరి చేతనో పంపించి, అక్కడి నుంచి ఫోను చేయించారు.

ఆయన జబ్బు పడినప్పుడు డాక్టరు చెప్పినది విని ఇంటికి వచ్చి, ఆ సాయంత్రమే పిన్నిని పక్కన కూర్చోబెట్టుకొని పిల్లలందరికీ తానే ఫోను చేశారు. ఏ జబ్బో, ఎన్ని నెలలో, ఏ మందు వాడుతున్నారో దాచకుండా చెప్పి, వీలు చూసుకొని రమ్మన్నారు. సూరత్ నుంచి కొడుకు, ఇచ్ఛాపురం నుంచి పెద్దకూతురు, భువనేశ్వర్ నుంచి చిన్నకూతురు పిల్లలతో వచ్చి చాలా రోజులు ఉన్నారు. విశాఖలో ఉద్యోగం చేస్తున్న మన బడి నావికులు ఇద్దరు సెలవు పెట్టి వచ్చి చూసి వెళ్లారు. నేనూ వెళ్లాను. ఆరోజు ఆయన నన్ను అడిగినది ఒక్కటే, మా నాన్న ఒంట్లో ఎలా ఉందని.