వెన్నపండు చెట్టుకి మూడేళ్లు: పార పక్కన పెట్టాక

ఈ మృగశిర కార్తెతో మా మదనపల్లె పెరట్లో అవకాడో చెట్టుకి మూడేళ్లు నిండాయి. 2022 జూన్‌లో నాటిన రోజు 2 అడుగులుంది. నిన్న టేపు పెట్టి చూస్తే 10 అడుగుల 3 అంగుళాలు. చాలా ఆనందంగా ఉంది.

దీనికి ముందు ఒక మొక్క పోయింది. 2021లో మామిడికి తీసినట్టే లోతుగా గుంత తీసి, పాదు కట్టి నాటాను. ఆ నవంబరు వానలు రాయలసీమలో అందరికీ గుర్తే. గుంతలో నాలుగు రోజులు నీళ్లు నిలిచాయి. తర్వాత ఆకులు వాలిపోతుంటే నీళ్లు చాలట్లేదనుకుని ఇంకా పోశాను. పీకి చూస్తే వేళ్లు నల్లబడి, చేత్తో లాగితే పైపొర ఊడి వచ్చేసింది. ఫైటోఫ్తోరా అనే, తడి మట్టిలో పెరిగే సూక్ష్మజీవి తెచ్చే వేరుకుళ్లు లక్షణం ఇది. వేరు కుళ్లితే చెట్టు నీళ్లు తాగలేదు, పైకి మాత్రం ఎండిపోతున్నట్టే కనిపిస్తుంది. ఆ తెగులు మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అందుకే రెండోదాన్ని ఇంటికి తూర్పు వైపుకి మార్చాను.

ఈసారి గుంత జోలికి పోలేదు. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి అడుగున్నర ఎత్తు, 4 అడుగుల వెడల్పు దిబ్బ పోసి, దాని మీద అంటు మొక్క పెట్టాను. రకం అర్కా సుప్రీమ్, కొడగులోని చెట్టళ్లి పరిశోధన కేంద్రం నుంచి వచ్చింది. గింజ మొలిపించినా చెట్టవుతుంది కానీ కాపుకి ఏడెనిమిదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. కాయ కూడా తల్లి చెట్టు కాయలా ఉంటుందని చెప్పలేం.

అసలు పెరుగుదల మొదలైంది మాత్రం పార ఆపాకే. నాన్నకి నెలకోసారి ప్రతి చెట్టు చుట్టూ తవ్వితే గానీ తృప్తి ఉండదు. "నాన్నా, దీని వేళ్లు జానెడు లోతులోనే ఉంటాయి, తవ్వొద్దు" అంటే మొదట నమ్మలేదు. ఒకరోజు కూర్చోబెట్టి పైనున్న వేరుశనగ పొట్టు చేత్తో జరిపి చూపించాను. సగం కుళ్లిన పొట్టులోకి తెల్లటి వేళ్లు సేమియా పోగుల్లా పాకి ఉన్నాయి. ఆయనే మళ్లీ మెల్లగా కప్పేశారు. అప్పటినుంచి పొట్టు, ఎండుటాకులు నాలుగైదు అంగుళాల మందంలో వేస్తున్నాం. మొదలుకి మాత్రం జానెడు దూరం వదలాలి, లేకపోతే అక్కడ బెరడు కుళ్లుతుంది.

నీళ్ల దగ్గర ఎక్కువ తిప్పలు పడ్డాను. మా బోరు నీళ్లు ఉప్పు. రెండో వేసవిలో ముదురాకుల కొనలు గోధుమరంగుకి తిరిగి, అంచుల వెంబడి కాలినట్టయ్యాయి. రోజూ కొంచెం కొంచెం పోయడంతో ఉప్పంతా పైమట్టిలోనే పేరుకుంది. ఇప్పుడు వేలు పెట్టి చూసి, రెండంగుళాల లోపల ఆరితేనే పోస్తాను. పోసినప్పుడు దిబ్బంతా బాగా తడిసి నీళ్లు కిందికి దిగేలా పోస్తాను. ఎండాకాలంలో అది వారానికి రెండు మూడుసార్లు అవుతోంది. డాబా మీద వాననీళ్లు డ్రమ్ముల్లో పట్టి అవీ వాడుతున్నాను. ఆ తర్వాత వచ్చిన ఆకులు శుభ్రంగా ఉన్నాయి.

ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె దాటేదాకా పడమటి వైపు షేడ్ నెట్, కాండానికి పలచటి సున్నం పూత. ఎండ నేరుగా తగిలితే పచ్చి బెరడు పగులుతుంది. కింది కొమ్మలు కూడా కొట్టలేదు, మొదలుకి అవే నీడ.

ఎరువు కొత్త చిగురు వేసే ముందు మాత్రమే: రెండు దోసిళ్ల వర్మీకంపోస్ట్, గుప్పెడు వేపపిండి, పొట్టు కిందే చల్లి నీళ్లు పెట్టడం. వాడిపోయి ఉన్నప్పుడు ఎరువు వేయకూడదు.

సంక్రాంతి తర్వాత మొదటిసారి పూసింది. ఒక్కో పువ్వు ముందు ఆడపువ్వుగా తెరుచుకుని, మూసుకుని, మర్నాడు మగపువ్వుగా తెరుచుకుంటుంది. పిందెలు శనగగింజంత అయ్యాక రోజూ రాలుతుంటే టెన్షన్ పడ్డాను కానీ పెద్ద చెట్లలోనూ పూతలో నిలిచేది చాలా కొంచెమే. ఇప్పుడు మూడు మిగిలాయి, కోడిగుడ్డంత ఉన్నాయి. వానలు గట్టిపడేలోపు ఇంకో రెండు బస్తాల పొట్టు తెచ్చి వేయాలి.