మా వాడికి మాట ఆగిపోయిన ఏడాది

2015లో పొగాకు ధర పడిపోయినప్పుడు మా కొండపి వైపు రైతుల ఇళ్లు ఎలా ఉన్నాయో ప్రకాశం జిల్లావారికి నేను చెప్పనక్కరలేదు. రైతుల ఆత్మహత్యల గురించి పత్రికలు రాశాయి గానీ, ఆ ఇళ్లలో పెరుగుతున్న పసివాళ్ల సంగతి నాకు ఎక్కడా కనబడలేదు. అప్పటికి మా అబ్బాయికి ఐదేళ్లు. వేలంలో ‘నో బిడ్’ అయిన, అంటే ఎవరూ కొనని పొగాకు బేళ్లు ఇంటికి తిరిగి వచ్చినప్పటి నుంచి వాడు మళ్లీ పక్క తడపసాగాడు, అన్నం ముందు కూర్చుంటే కడుపునొప్పి అనేవాడు, శ్రావణమాసం వచ్చేసరికి మాట్లాడటమే మానేశాడు.

ఒక రాత్రి అప్పులవాళ్ల మనుషులు వచ్చి తలుపు బాదుతూ, మా వారిని నోటికి వచ్చినట్లు తిడుతుంటే, నిద్రలోంచి లేచిన పిల్లవాడు ఒక్క కేక పెట్టి కొయ్యబారిపోయాడు. పళ్లు గిట్టకరిచాయి, కళ్లు తేలవేశాడు. మా మామగారు ఆ మనుషుల మధ్య నుంచే వాడిని భుజాన వేసుకొని ఆటో ఎక్కించారు. ఒంగోలు చేరేదాకా నేను వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూనే ఉన్నాను. టంగుటూరు దగ్గర ఎదురుగా వచ్చిన లారీ వెలుతురులో వాడి పెదవులు నల్లగా కనిపించినప్పుడు, శనివారం మాత్రమే దర్శనమిచ్చే మాలకొండ నరసింహస్వామికి తలనీలాలు మొక్కుకున్నాను.

పరీక్షలన్నీ చేసి ఫిట్స్ కాదన్నారు. ఆ మాటకు ఊపిరి పీల్చుకునేలోపే అక్కడి వైద్యుడు, పిల్లవాడు నా ఒళ్లోనే ఉండగా, “వీడికి బుర్ర ఎదగలేదమ్మా, చదువు మీద ఆశ పెట్టుకోకండి” అన్నారు. మాట ఆగిపోయిన బిడ్డకు మాటలు వినబడవని ఆయన అనుకున్నారో ఏమో! వాడు నా చీర కొంగు గుప్పిట్లో బిగించాడు. ఇన్నేళ్లయినా ఆయన మీద నా కోపం చల్లారలేదు.

నెల్లూరులో చూపించిన పిల్లల మనోవైద్యురాలు మాత్రం ముందు వాడిని బొమ్మలు వేసుకోమని పక్కగదికి పంపి, తర్వాతే మా ఇంటి పరిస్థితి అడిగారు. “రాత్రంతా పొలం కాపలా కాసినవాడు పగలు చదవగలడా? మీ వాడి మెదడు ఇప్పుడు కాపలాలో ఉందమ్మా” అన్నారు. ఆదుకునే పెద్దలు లేకుండా భయం నెలల తరబడి సాగితే, కార్టిసాల్ అనే హార్మోను అదుపు తప్పి, జ్ఞాపకానికీ నేర్చుకోవడానికీ ఆధారమైన హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగాన్ని దెబ్బతీయగలదని, ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే మరో భాగం మరీ చురుకైపోగలదని ఓపికగా చెప్పారు. మందుల కన్నా ముందు వేళకు తిండి, వేళకు నిద్ర, రోజూ వాడితో ఆడే ఒక మనిషి కావాలన్నారు, అప్పుల మాటలు వాడి చెవిన పడకూడదన్నారు. నిద్రలేని నాకు కూడా వైద్యం చేశారు.

తర్వాత నేను రుమేనియా అనాథాశ్రమాల పిల్లల గురించి చదివాను. వారి మీద 2000లో బుకారెస్ట్‌లో మొదలైన ఒక పరిశోధనలో, పెంపుడు కుటుంబాలకు చేరిన పిల్లల్లో రెండేళ్లలోపు చేరినవారు ఎక్కువగా కోలుకున్నారని తెలిసి నాకు గుండె ఝల్లుమంది. కానీ ఎత్తుకునే చేతులు లేక పెరిగిన పిల్లలు వారు; మా వాడికి ఆ చేతులు పుట్టిన నాటి నుంచీ ఉన్నాయి, ముఖ్యంగా వాళ్ల తాతవి.

పెద్దమనుషులు కూర్చొని వడ్డీ తగ్గించారు, మేము పొలం కొంత అమ్మి అప్పు తీర్చాం, తలుపు బాదేవాళ్లు రావడం ఆగింది. సంక్రాంతి ముందు ఒక ఉదయం వాడు, “తాతా, గేదెకు నీళ్లు పెట్టావా?” అన్నాడు. మా మామగారు జవాబు చెప్పలేక ఏడ్చారు. స్వామి మొక్కు తీర్చాం, నెల్లూరు డాక్టరమ్మకూ దణ్ణం పెట్టి వచ్చాం. మా వాడు ఇప్పుడు ఉన్నత పాఠశాలలో లెక్కల్లో ముందుంటాడు.

ఎదిగిన బిడ్డ మళ్లీ పక్క తడిపినా, మాట తగ్గించినా దిష్టి అని ఊరుకోకండి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రానికి 14416 నంబరులో ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. మా రోజుల్లో అది లేదు. వైద్యుడి దగ్గరకు వెళ్లినప్పుడు ఇంట్లోని కష్టాన్ని దాచకుండా చెప్పండి, అయితే బిడ్డను బయట ఎవరి దగ్గరైనా కూర్చోబెట్టిన తర్వాతే చెప్పండి. ఎంత పేరున్న వైద్యుడైనా సరే, బిడ్డ ఎదుటే వాడి బుర్ర గురించి తీర్పు చెప్పబోతే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.