అవునా కాదా అంటే

డాక్టర్‌గా సాక్ష్యం చెప్పమని కోర్టు సమన్లు వచ్చిన రోజు ఓపీ లేనట్టే. పదిన్నరకల్లా చిత్తూరు కోర్టులో ఉండాలని తిరుపతిలో ఏడున్నర బస్సు ఎక్కాను. పూతలపట్టు దాటాక బండి కదల్లేదు. తోతాపురి సీజన్ కదా, గుజ్జు ఫ్యాక్టరీ దారంతా కాయల ట్రాక్టర్లే. కండక్టర్ తీరిగ్గా దిగి టీ తాగొచ్చాడు. టెన్షన్ పడుతూ పదకొండుకి చేరితే కోర్టు కానిస్టేబుల్ నవ్వాడు. "ఏం తొందర లేదు మేడమ్, మీ కేసు మధ్యాహ్నమే పిలిచేది."

ఇది నేను ఇంతకుముందు పనిచేసిన ఆస్పత్రిలో చూసిన కేసు. డాక్టర్‌కి బదిలీ అయిపోతుంది గానీ, గాయాల వివరాలు రాసిచ్చిన ఊండ్ సర్టిఫికెట్ మాత్రం ఎక్కడికి పోయినా వెంటే వస్తుంది. 2024 జులైకి ముందు జరిగింది కాబట్టి ఛార్జిషీటులో ఇంకా పాత శిక్షాస్మృతి ఐపీసీ సెక్షన్లే ఉన్నాయి.

వరండాలో మా సీనియర్ రేడియాలజిస్ట్ సార్ కనిపించారు. ఆయన పిల్లలపై లైంగిక నేరాల (పోక్సో) కేసులో అమ్మాయి వయసు చెప్పడానికి వచ్చారు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ముందు స్కూల్ సర్టిఫికెట్ చూడాలి, అది లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం, ఆ రెండూ లేనప్పుడే ఎముకల ఎక్స్‌రే. ఆ పిల్ల ఇటుక బట్టీల వెంట తిరిగిన కుటుంబంలోది, ఏ కాగితమూ లేదు. సార్ పదహారుకీ పద్దెనిమిదికీ మధ్య అని రాశారు. ప్రభుత్వం తరఫు లాయర్ పీపీకి పదహారు కావాలి, అవతలి లాయర్‌కి పద్దెనిమిది కావాలి. ఈ పరీక్షలో రెండేళ్లు అటూ ఇటూ తేడా ఉండొచ్చని సుప్రీంకోర్టు 1982లోనే జయమాల కేసులో చెప్పింది. "ఎవరైనా ఒక్క అంకె చెప్పమనే అడుగుతారమ్మా. ఎముక మీద తేదీ రాసుండదు కదా" అన్నారు సార్. ఆ రెండేళ్ల సందులోనే ఒకడు జైలుకు పోతాడా, ఇంటికి పోతాడా అన్నది తేలాలి. సార్ మాత్రం ప్రశాంతంగా కారియర్ విప్పి పెరుగన్నం తిన్నారు. నాకు ఆ ఓపిక ఎప్పుడొస్తుందో.

మూడింటికి నన్ను పిలిచారు.

నా కేసులో బాధితురాలు ఆ రోజు రాత్రి ఆస్పత్రికి వచ్చింది తన అన్నతో. ఎడమ చేతిలో అల్నా, అంటే ముంజేతిలో చిటికెన వేలి వైపు ఎముక, సరిగ్గా మధ్యలో విరిగింది. పక్కనే ఉన్న రేడియస్‌కి ఏమీ కాలేదు. వీపు మీద కమిలిన గుర్తులు, రెండేసి గీతలు సమాంతరంగా, వాటి మధ్య చర్మం మామూలుగా ఉంది. మొగుడు కట్టెతో కొట్టాడని ఆమె చెప్పింది. "కొట్టినట్లు చెబుతున్నారు" అని రిజిస్టర్‌లో రాశాను. మేం "కొట్టారు" అని రాయం, రాయకూడదు.

కోర్టులో ఆమె మాట మార్చేసింది. మెట్ల మీద జారి పడ్డానని చెప్పింది. పీపీ గారు ఆమెను హాస్టైల్, అంటే ఎదురు తిరిగిన సాక్షి, అని ప్రకటించాల్సి వచ్చింది. ఇద్దరు పిల్లలు, అదే ఇల్లు, అదే మొగుడు. ఆమెను తప్పు పట్టే ధైర్యం నాకు లేదు.

పీపీ గారు నన్ను అడిగే చీఫ్ అయిదు నిమిషాల్లో అయిపోయింది. క్రాస్‌కి లేచిన ముద్దాయి తరఫు లాయర్ పెద్దాయన, చాలా మర్యాదస్థుడు.

"డాక్టర్ గారూ, మెట్ల మీద పడితే చెయ్యి విరుగుతుందా?"

"విరగొచ్చు సార్."

"అయితే ఈ దెబ్బలు కిందపడినా తగిలే అవకాశం ఉంది. అవునా, కాదా?"

ఊండ్ సర్టిఫికెట్ రాసిన ప్రతి డాక్టర్‌నీ అడిగే ప్రశ్న ఇది. చాలామంది అవును అనేసి దిగిపోతారు. అది అబద్ధం కాదు. అల్నా నేరుగా మెట్టు అంచుకి తగిలితే విరుగుతుంది. కానీ జారి పడేవాళ్లు చెయ్యి నేలకి ఆనిస్తారు, అప్పుడు ఎక్కువగా విరిగేది మణికట్టు దగ్గర రేడియస్. తల మీదికి వచ్చే దెబ్బను ఆపడానికి చెయ్యి అడ్డం పెడితే అల్నా ఒక్కటే మధ్యలో విరుగుతుంది, ఆర్థోలో అందరికీ తెలిసిన సంగతే. ఇక వీపు మీది జంట గీతలు గుండ్రటి కట్టె దెబ్బకి పడే గుర్తులు. దెబ్బ తగిలిన చోట రక్తం పక్కలకి తప్పుకుని అంచుల్లో కములుతుంది. మెట్ల అంచు అలాంటి జంట గీతలు వేయదు.

"చేతి వరకు అవకాశం ఉంది, తక్కువ. వీపు మీద గాయాలకు లేదు. కారణం చెప్తాను మేడమ్" అని మెజిస్ట్రేట్ గారి వైపు చూశాను. లాయర్ గారు అభ్యంతరం చెప్పారు, అడిగిన దానికే జవాబివ్వాలన్నారు. మేడమ్ ఒక్క క్షణం ఆగి "కారణం కూడా రాసుకోండి" అని టైపిస్ట్‌కి చెప్పారు. 1872 సాక్ష్య చట్టంలో నిపుణుల అభిప్రాయానికి 45వ సెక్షన్ ఉంటే, ఆ అభిప్రాయానికి ఆధారమేంటో చెప్పడానికి 51వ సెక్షన్ ఉంది. కొత్త సాక్ష్య చట్టంలో 45 కాస్తా 39 అయింది. మమ్మల్ని కోర్టుకు పిలిచేదే ఆ కారణం కోసం. ఒట్టి అవును, కాదు అయితే ఉత్తరం రాసి పంపినా సరిపోయేది.

పీపీ గారు మళ్లీ అడగడానికి, అంటే రీ-ఎగ్జామిన్‌కి, లేచి ఇంకో అడుగు ముందుకేశారు. "అంటే ముద్దాయే కొట్టినట్టు కదా డాక్టర్ గారూ?" ఆయనకి కేసు జారిపోతోందన్న ఆత్రం. "అది నేను చెప్పలేను సార్. కట్టెతో కొడితే ఇలా ఉంటుందని మాత్రమే చెప్పగలను." ఆయన ముఖం వాడిపోయింది. ఆ ఒక్క ముక్క అనేస్తే నాకూ ఎంతో తృప్తిగా ఉండేది, ఎందుకంటే ఆ రాత్రి ఆమె వణుకుతూ చెప్పిన మాట నేను విన్నాను. కానీ కొట్టిందెవరో ఎక్స్‌రేలో కనపడదు. నేను నమ్మింది ఒకటి, నా చదువు చెప్పేది ఒకటి. బోనులో రెండోదే చెప్పాలి.

ఈ గీత దాటినవాళ్ల కథ ప్రతి బ్యాచ్ హౌస్ సర్జన్లకీ చెప్తుంటాను. ఇంగ్లండ్‌లో శాలీ క్లార్క్ అని ఒక లాయరమ్మ. ఇద్దరు పసిబిడ్డలు ఒకరి తర్వాత ఒకరు చనిపోతే ఆమే చంపిందని కేసు. రాయ్ మెడో అనే పేరున్న పిల్లల డాక్టర్ కోర్టులో, అలాంటి ఇంట్లో ఇద్దరూ సహజంగా పోవడం 7.3 కోట్లలో ఒక్కసారే జరుగుతుందన్నాడు. 8,543లో ఒకటి అన్న అంకెను దాంతోనే గుణించాడు, ఒకే తల్లిదండ్రుల పిల్లలకు ఒకే కారణం ఉండొచ్చన్న ఆలోచన లేకుండా. 1999లో యావజ్జీవం పడింది. ఆ లెక్క తప్పని 2001లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ బహిరంగంగా చెప్పింది. పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ బయటపెట్టని ల్యాబ్ రిపోర్టులు దొరికాక 2003లో విడుదలైంది. 2007లో చనిపోయింది.

అంత దూరం పోనక్కర్లేదు. మేం చదివే రోజుల్లో అత్యాచార బాధితులకు టూ ఫింగర్ టెస్ట్, అంటే యోనిలో రెండు వేళ్లు పెట్టి చూసే పరీక్ష, ఎలా చేయాలో పుస్తకంలోనే ఉండేది, పరీక్షల్లో రాశాం కూడా. దాంతో తేలేది ఏమీ లేదు, ఆమె "అలవాటు పడిన మనిషి" అని కోర్టులో అనడానికి తప్ప. అలా ఎంతమంది డాక్టర్లు సంతకాలు పెట్టారో. అది స్త్రీ గౌరవానికి భంగమని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. ఇక ముందు చేసేవాళ్లది దుష్ప్రవర్తనే అని 2022 అక్టోబర్ 31న తేల్చింది. సైన్స్ పేరు పెట్టుకుంటే ఎంత అవమానమైనా ఫైలులో నీట్‌గా కూర్చుంటుంది.

బయటికొస్తే వరండా చివర ఆమె ఉంది. మొగుడు జెరాక్స్ కొట్టు దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నా మీద కోపంగా ఉంటుందనుకున్నాను. దగ్గరికొచ్చి, "డాక్టరమ్మా, చెయ్యి ఇంకా నొప్పిగానే ఉండాది, బిందె ఎత్తలేకుండా ఉండాను. ఏం చేసేది?" అంది. చూపించమన్నాను. ఎముక అతికింది, కాస్త వంకరగా. మంగళవారం ఆర్థో ఓపీకి రమ్మని, ఒంటరిగా రావడానికి వీలైతే నా రూమ్‌కీ రమ్మని చెప్పాను. "చూస్తానమ్మా" అంది. అటువైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది.

ఆమె వద్దనుకుంటున్న నిజాన్ని నేను బోనెక్కి చెప్పడం ఆమెకు మేలా, కీడా? ఈ రాత్రి ఇంట్లో ఆమెకు ఏం జరుగుతుందో నాకు తెలియదు. చెప్పకుండా ఉండే హక్కు నాకుందని మాత్రం అనుకోవడం లేదు. పీపీ గారు, కేసు కొట్టేస్తారు మేడమ్, చూసినవాళ్లు లేరు, బాధితురాలే లేదంటోంది, ఒట్టి మెడికల్ ఎవిడెన్స్‌తో శిక్ష పడదు అన్నారు. ఆయన అన్నది నిజమే.

అటెండెన్స్ సర్టిఫికెట్ కోసం బెంచ్ క్లర్క్ దగ్గర అరగంట పట్టింది. రేపు హౌస్ సర్జన్లకి క్లాసు ఉంది. "వీపు మీద కమిలిన గాయం" అని ఒక్క ముక్కలో తేల్చేయొద్దని చెప్పాలి. పొడవెంత, వెడల్పెంత, ఏ దిక్కున ఉంది, మధ్యలో చర్మం ఎలా ఉంది, వీలైతే ఓ చిన్న బొమ్మ. నైట్ డ్యూటీలో అంత టైమెక్కడిది మేడమ్ అంటారు. నిజమే, ఉండదు. అయినా రాయమనే చెప్తాను.